తువ్వాల అవతలి కొస

డ్రైవరన్న పోయాడు. నేను వంటింట్లో పప్పు ఎనుపుతుంటే ఫోన్ మోగింది. జగిత్యాల అవతలి పల్లె నుంచి ఆయన కోడలు. "చిన్నమామా, మామ పొయిండు" అంది. ఏడుపులు కాస్త సర్దుకున్నాక ఒక మాట అడిగింది.

"మంచం వట్టిన కాన్నుంచి మామ చేతికి తువ్వాల కట్టుకునుడు వెట్టిండు. అవుతలి కొస నేను కుట్టుమిషను కాడ కూసున్నప్పుడు నా కాలికి కట్టుకొమ్మనేటోడు. గదెందుకు మామా అంటె నవ్వేటోడు గని చెప్పలే. నీకేమన్న ఎరుకనా?"

నాకు ఎరుకే. అది ఎరుకైన మనిషిని ఈ భూమ్మీద ఇప్పుడు నేనొక్కణ్ణే. ఫోన్లో చెప్పే సంగతి కాదమ్మా, బయల్దేరి వస్తున్నానన్నాను. రైల్లో కూర్చుని ఆ పిల్లకి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పాలా అని కూడబలుక్కున్నదే మీకూ చెబుతున్నాను.

మాది రక్తసంబంధం కాదు. ఆయనది జగిత్యాల వైపు, నాది కోనసీమ. దుబాయ్‌లో అన్నదమ్ములమయ్యాం. దుబాయ్ అంటే అచ్చంగా దుబాయ్ కూడా కాదు, ఉమ్ అల్ క్వైన్. ఆ పేరు చెబితే మా ఊళ్ళో ఎవరికీ నోరు తిరగదని దుబాయ్ అనే చెప్పుకునేవాళ్ళం. ఒకే అరబ్బు ఇంట్లో ఆయన డ్రైవరు, నేను వంటవాణ్ణి. పెరట్లో ఒకే గది, ఎదురెదురుగా రెండు మంచాలు. నా మాట చివర "ఆయ్" వినపడితే చాలు, పొట్ట పట్టుకుని నవ్వేవాడు. "మల్లొకపారి అను తమ్మీ" అనేవాడు. ఆయన శుక్రవారం శుక్రవారం అడిగి చేయించుకునే పచ్చిపులుసుని నేను "పొయ్యి చూడని చారు" అని వెక్కిరించేవాణ్ణి. వెక్కిరిస్తూనే రెండు గ్లాసులు తాగేవాణ్ణనుకోండి, అది వేరే సంగతి.

పొద్దున లేస్తూనే బండి నాలుగు టైర్లూ బొటనవేలితో నొక్కి చూసేవాడు. భుజం మీది ఎర్రగళ్ళ తువ్వాలతో అద్దాలు తుడిచేవాడు. ఎవరు బండెక్కినా, వాళ్ళ తల తగలకుండా తలుపు పైఅంచుకి అరచెయ్యి అడ్డం పెట్టేవాడు. ఎవర్ని దింపినా వెంటనే కదిలేవాడు కాదు. ఒకసారి షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో వాళ్ళ ఊరి కుర్రాణ్ణి ఒక షెడ్డు దగ్గర దింపాం. వాడు లోపలికి వెళ్ళి, కిటికీలోంచి చెయ్యి ఊపేదాకా ఎర్రటి ఎండలో బండి అక్కడే ఆపి కూర్చున్నాడు. "ఆకలేస్తోందన్నా, వాడేమన్నా చంటిపిల్లాడా?" అని విసుక్కున్నాను. "మనిషి నా బండెక్కిండంటె దిగి ఇంట్లవడేదాక నాదే తమ్మీ" అన్నాడు. ఆ మాట ఆయన నోటంట ఎన్నిసార్లు విన్నానో. విన్నప్పుడల్లా నాకు ఆకలే గుర్తొచ్చేది. దాని బరువు తర్వాత తెలిసింది.

ఇంటి యజమాని ముసలాయన. మేం బాబా అనేవాళ్ళం. మా ఇద్దరి వీసాలకీ పూచీపడ్డ కఫీల్ ఆయనే. చమురు రాకముందు, వయసులో ఉండగా, సముద్రంలో మునిగి ముత్యపు చిప్పలు తెచ్చేవాడట. తర్వాత ఆ ముత్యాల వ్యాపారం మీదే బొంబాయి తిరిగి హిందీ నేర్చాడు, అందుకని మాతో మాటకి ఇబ్బంది ఉండేది కాదు. ఆయనదొక వింత అలవాటు. ఇల్లు సముద్రం ఒడ్డునే. సాయంత్రం కుర్చీ బయట వేయించుకునేవాడు, కాని ముఖం గోడవైపు పెట్టుకుని, సముద్రానికి వీపు తిప్పి కూర్చునేవాడు. ఎందుకలా అని ఆ ఇంట్లో ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

ఎనభైల మొదట్లో బాబాకి ఛాతీలో గడ్డ తేలింది. వియన్నాలో కోసి తీస్తారన్నారు. కొడుక్కి సిమెంటు ఇటుకల ఫ్యాక్టరీ, అందరూ ముదీర్, అంటే మేనేజరు, అనేవారు. పని వదిలి రాలేను, కోత రోజుకి వస్తానన్నాడు. తోడు మమ్మల్ని పంపాడు. తిండికి నేను, తిప్పడానికి అన్న. పాస్‌పోర్టులు మా చేతిలో పెడుతూ ముదీర్ అన్నమాట నాకిప్పటికీ చెవిలో ఉంది: "బాబా తిరిగొస్తేనే మీరు ఈ గేటులోకి రావాలి. లేదంటే మీ ఊరికే పొండి. ఖలాస్." నవ్వుతాడేమో అని చూశాను. నవ్వలేదు. ఊళ్ళో నా ఇంటి గోడలు సగంలో ఉన్నాయి. అన్నకి పెళ్ళి కావలసిన చెల్లెళ్ళున్నారు. ఆ ముసలాయన ఊపిరితో మా రెండిళ్ళ ఊపిరి ముడిపడింది.

బయల్దేరే పొద్దున అన్న గుమ్మంలో ఆగిపోయాడు. "ముగ్గురం పోతున్నం తమ్మీ" అన్నాడు, గొంతు తగ్గించి. మీకు తెలుసుగా, ముగ్గురు కలిసి ప్రయాణం పెట్టుకోకూడదని మన పట్టింపు. పెళ్ళిచూపులకి వెళ్ళేటప్పుడు కూడా ముగ్గురైతే ఒక రాయిని జేబులో వేసుకుంటారు, అది నాలుగో మనిషి. అన్న పెరట్లో కూలిన పాత గోడ దగ్గరికి వెళ్ళి, గుప్పిట్లో పట్టే తెల్లటి రాయి ఒకటి ఏరుకొచ్చి కోటు జేబులో వేసుకున్నాడు. బాబా చూశాడు. ఏమిటది అని అడిగితే అన్న హిందీలో వివరంగా చెప్పాడు. బాబా నవ్వుతాడనుకున్నాం.

ఆయన రాయి వైపే చూస్తూ అన్నాడు: "మేమూ రాయిని తోడు తీసుకెళ్ళేవాళ్ళం. కాలికి కట్టుకుని. అది మమ్మల్ని కిందికి తీసుకుపోయేది."

విమానంలో కూర్చున్నా నా ఒళ్ళు వెచ్చబడలేదు.

వియన్నా ఎలా ఉంటుందో అని మీకు ఆసక్తిగా ఉండొచ్చు. ఉన్నంతలో చెబుతాను. చలికాలం మొదలవుతోంది. పగలే పొగమంచు. రాజుల మేడలన్నీ మసిపట్టిన గిన్నెల్లా నల్లగా ఉన్నాయి. మేడల మీద రాతిమనుషులు, వాళ్ళ తలల మీద కాకులు. నల్లకోట్లు వేసుకున్న జనం మాటాపలుకూ లేకుండా నడిచిపోతారు. ఉన్నట్టుండి గంటలు మోగుతాయి, ఎవరికోసమో తెలియదు. మోగినప్పుడల్లా నేను లోపల దేవుడికి దణ్ణం పెట్టుకునేవాణ్ణి.

డాక్టరు బాబాని పరీక్షించి, కోతకి ముందు రెండు మూడు రోజులు మంచం మీదే విశ్రాంతిగా ఉండాలన్నాడు. ఆస్పత్రివాళ్ళు కుదిర్చిన ఈజిప్టు దుబాసీ ఆ మాట అరబ్బీలో చెప్పాడు. బాబా అంతా విని, "కోసిన తర్వాత పడుకునే ఉంటాగా. రేపు రాజుల ఊరు చూడాలి" అన్నాడు.

బయటికొచ్చాక నేను అన్న మీద లేచాను. "దారిలో ఈయనకేమన్నా అయితే మన గతేంటన్నా? డాక్టరు వద్దన్నాడుగా!"

"నాకు మాత్రం భయం లేదా తమ్మీ? గాయిన కండ్లు సూశినవా? మనం తీస్కపోకుంటె ఒక్కడే పోతడు. గప్పుడేం జేస్తం?"

మర్నాడు అన్న చక్రాల కుర్చీ చక్రాలు రెండూ బొటనవేలితో నొక్కి చూశాడు. చలికి తువ్వాలని చెవులకి చుట్టుకున్నాడు. కుర్చీ వెనక్కి తిప్పాల్సి వస్తే అటూ ఇటూ చూసిగాని తిప్పేవాడు కాదు. ఆ మేడల ముందు, గుర్రబ్బళ్ళ మధ్య, మా జగిత్యాల డ్రైవరు పచార్లు చేస్తుంటే తెల్లవాళ్ళు దారి ఇచ్చి నిలబడేవారు. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది. బాబా మాత్రం మేడల్ని చూడనేలేదు. దుబాసీ ఏ రాజు ఎప్పుడు కట్టించాడో చెబుతుంటే, "ముత్యాలెక్కడ?" అని ఒక్కటే ప్రశ్న.

రాజుల ఖజానా చూడనిస్తారట. లోపల చీకటి, అద్దాల పెట్టెల్లో మాత్రం దీపాలు. ఒక పెట్టెలో కిరీటం ఉంది. దాన్నిండా ముత్యాలు. బాబా అద్దానికి నుదురు ఆనించాడు. ఊపిరి తగిలి అద్దం మసకబారితే అన్న తువ్వాలతో తుడిచాడు. కాపలావాడు కోప్పడ్డాడు.

"ఇవి మీ సముద్రానివేనా బాబా?" అన్నాడు అన్న.

"ఎవరి సముద్రానివైనా, ఒక్కోదానికీ ఒకడు ఊపిరి బిగబట్టి ఉంటాడు" అన్నాడు బాబా. తర్వాత ఎవరూ అడక్కుండానే చెప్పాడు. మునిగేవాడి కాలికి రాయి, నడుముకి తాడు. పైన పడవలో ఒకడు తాడు పట్టుకుని కూర్చుంటాడు. రాయి వదిలేస్తే ముందు రాయిని పైకి లాగుతారు. కిందివాడికి ఊపిరి చాలనప్పుడు రెండుసార్లు తాడు గుంజుతాడు, అప్పుడు పైవాడు ప్రాణం పెట్టి లాగాలి. బాబాకి ఒక తమ్ముడుండేవాడు. ఒకరోజు వాడు దిగాడు. రెండుసార్లు గుంజాడు.

"లాగలేదా?" అన్నాను నేను.

"పక్క పడవలో పాట పాడుతున్నారు. తాడు పట్టినవాడు అటు చూశాడు. అల తగిలిందనుకున్నాడు."

"పట్టినోడెవరు బాబా?" అన్న అడిగాడు.

బాబా తన అరచేతులు రెండూ దీపం దగ్గరికి తెచ్చి చూసుకున్నాడు. అంతే. ఆ కుర్చీ గోడవైపు ఎందుకు తిరిగి ఉండేదో మాకప్పుడు తెలిసింది.

మర్నాడు ఇంకా చూడాల్సింది ఏముంది బాబా అంటే, "కింద" అన్నాడు. ఒక కిరస్తానీ గుడి కింద నేలమాళిగలో రాజుల శవపేటికలున్నాయని దుబాసీ చెప్పాడట. బాబా పండక్కి బట్టలు కొనుక్కోబోయేవాడిలా హుషారుగా ఉన్నాడు. ఆ హుషారు చూస్తేనే నాకు భయమేసింది. గుడి ముందు కుర్చీ ఆపగానే అన్న వైపు చెయ్యి చాపాడు. "ఆ రాయి ఇటివ్వు."

అన్న సంతోషంగా తీసిచ్చాడు. బాబాకి మన పట్టింపు మీద గురి కుదిరిందని నాకు కనుసైగ కూడా చేశాడు. మనకి రాయి అంటే నాలుగో మనిషి, తోడు. ఆయనకి రాయి అంటే ఏమిటో గుమ్మంలోనే చెప్పాడు. విన్నాం, మరిచిపోయాం.

కుర్చీ మెట్లు దిగదు. అన్న బాబాని వీపు మీద ఎక్కించుకున్నాడు. దుబాసీ సిగరెట్టు కోసం పైనే ఉండిపోయాడు. కింద ఇనుము వాసన, తడి చలి. పెద్ద పెద్ద లోహపు పేటికలు, ఒడ్డున బోర్లించిన పడవల్లా వరసగా ఉన్నాయి. ఒకదాని మూల మీద పుర్రె చెక్కి ఉంది, దాని నెత్తిన కిరీటం. నిన్న చూసిన కిరీటం ఎవరి నెత్తికెక్కినా చివరికి ఇదే అన్నట్టు పళ్ళికిలించింది. నేను అటు చూడకుండా అన్న వెనకే నక్కాను.

గోడవార అరుగు మీద దింపమన్నాడు బాబా. దింపాక, "మీరిద్దరూ పైకి వెళ్ళండి. నేనుంటాను" అన్నాడు.

"గట్లెట్ల బాబా? ఎక్కించుకున్నది నేను" అన్నాడు అన్న. తెలుగులో అన్నాడో హిందీలో అన్నాడో ఆయనకే తెలియదు.

"యల్లా! పొండి!" అని అరిచాడు బాబా. ఆ అరుపు పేటికల మధ్య తిరిగి తిరిగి మా దగ్గరికే వచ్చింది. మేం కదల్లేదు. బాబా కళ్ళు మూసుకున్నాడు. రెండు వేళ్ళతో ముక్కు బిగించి పట్టుకున్నాడు. పెదాలు బిగించాడు. ఏదో ప్రార్థన అనుకున్నాను. కాసేపటికి మెడ నరాలు తేలాయి. ముఖం నల్లబడుతోంది. రెండో చెయ్యి గుప్పిట బిగిసి ఉంది.

"తమ్మీ, రాయి!" అన్నాడు అన్న. గుప్పిట విప్పబోయాడు, రాలేదు. చెక్కలో దిగిన మేకులా పట్టుకున్నాడా ముసలాయన. ముక్కు మీది వేళ్ళూ రాలేదు. నేను గట్టిగా ఏడుస్తున్నాను, సిగ్గులేకుండా చెబుతున్నాను. నా సగం గోడలు, ముదీర్ గేటు, అన్నీ కళ్ళముందు తిరిగాయి.

అన్న బలవంతం మానేశాడు. చెవులకి చుట్టుకున్న తువ్వాల విప్పాడు. ఒక కొస బాబా మణికట్టుకి, ఆ రాయి ఉన్న చేతికే కట్టాడు. రెండో కొస తన పిడికిట్లో చుట్టుకుని నాలుగడుగులు వెనక్కి వచ్చాడు. చెవిటివాడికి చెప్పినట్టు గట్టిగా అన్నాడు: "బాబా! మై రస్సీ పకడా! ఇదర్‌ఈచ్ దేఖ్‌రా! ఖీంచో!" నేను తాడు పట్టుకున్నాను, ఇటే చూస్తున్నాను, గుంజు అని.

తువ్వాల బిగుతుగా ఉంది. కదలదు. ఎక్కడో పైన గంటలు మొదలయ్యాయి. నా చూపు పైకప్పు వైపు పోయింది. అన్న చూపు మాత్రం ఆ తువ్వాల మీదే ఉంది, రెప్ప పడలేదు.

తువ్వాల ఒకసారి కదిలింది. ఆగింది. ఇంకోసారి కదిలింది.

రాయి రాతి నేల మీద పడిన చప్పుడు విన్నాను. అన్న ఒక్క ఊపులో బాబాని భుజాన వేసుకుని మెట్లెక్కేశాడు. పైన వెలుతురులో బాబా నోరు తెరిచి లాగిన మొదటి ఊపిరి, చంటిపిల్లల మొదటి ఏడుపులా వినిపించింది. నేను రాయి ఏరుకుని వెనకాల పరిగెత్తాను. నాలుగో మనిషిని వదిలేసి ఎలా వస్తాం?

కోత జరిగింది. ముదీర్ రాలేదు. కోసిన తర్వాత వార్డులో అన్న మళ్ళీ తువ్వాల కట్టాడు. నర్సు విప్పేసింది. మళ్ళీ కట్టాడు. మత్తులోంచి తేలిన బాబా కళ్ళతోనే ఉండనివ్వమన్నాక ఆవిడ ఊరుకుంది. అన్న తిండికి కూడా అవతలి కొస వదల్లేదు. నేనే ముద్దలు కలిపి నోట్లో పెట్టాను. సాయంత్రం కాబోతుండగా తువ్వాల రెండుసార్లు కదిలింది. చూస్తే బాబా నిద్రలో ఉన్నట్టే ఉన్నాడు. నేనైతే అల అనుకునేవాణ్ణి. అన్న వరండాలో పడి తెలుగులో కేకలు పెట్టాడు. డాక్టర్లు వచ్చి దుప్పటి తీస్తే పక్కంతా నెత్తురు. మళ్ళీ లోపలికి తీసుకుపోయారు. బతికించారు.

తిరుగు ప్రయాణంలో విమానం దిగేముందు బాబా రాయి అడిగాడు. అన్న ఇవ్వనన్నాడు. మొదటిసారి ఆయన యజమానికి ఎదురు చెప్పడం చూశాను. బాబా నవ్వి, "ముందు రాయిని దింపు. తర్వాత నన్ను. పద్ధతి అదే" అన్నాడు. అన్న అలాగే ముందు రాయి పట్టుకుని దిగి, మళ్ళీ ఎక్కి బాబాని దింపుకున్నాడు. గేటు తెరుచుకుంది. ముదీర్ తండ్రి చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు, మమ్మల్ని చూడనట్టే ఉన్నాడు. ఆ సాయంత్రం బాబా కుర్చీని సముద్రం వైపు తిప్పించుకున్నాడు. బతికినన్నాళ్ళూ అటే కూర్చున్నాడు. అన్నని డ్రైవర్ అనడం మానేసి రస్సీవాలా అని పిలిచేవాడు. అన్న ఆ పిలుపుకి పలికేవాడు గాని, ఆ నేలమాళిగ సంగతి మాత్రం ఎవరికీ చెప్పేవాడు కాదు. ముసలాయన గుట్టు మన నోట్లోంచి ఊడిపడకూడదు తమ్మీ అని నా దగ్గరా మాట తీసుకున్నాడు. ఇప్పుడు అన్న పోయాడు, బాబా ఎప్పుడో పోయాడు. ఇప్పుడు చెబితే తప్పులేదని చెబుతున్నాను.

కోడలికి ఇదంతా ఆ ఇంటి ముందుగదిలో చెప్పాను. వదిన కొన్నేళ్ళ కిందటే పోయింది, కొడుకు పగలంతా పనికి పోతాడు. అన్న మంచం, ఆ పిల్ల కుట్టుమిషను ఆ గదిలోనే. చివరిదాకా విని ఆ పిల్ల తలొంచుకుంది.

"గుంజిండు చిన్నమామా. ఆ పొద్దు రెండుమాట్ల గుంజిండు. జాకెట్ కుడుతున్న. కత్తెర కింద వడేసి ఉరికిన. చెయ్యి వట్టుకున్న. నా మొకం దిక్కే సూశిండు. గంతే." కొంచెం ఆగి అడిగింది. "మరి నేను పైకి గుంజలేకపోతినే?"

"నువ్వు అటు చూడలేదుగా అమ్మా. ఆయన అడిగింది అదే" అన్నాను. అది నిజమని నమ్ముతున్నాను. ఆయన ఇన్నేళ్ళు ఎందరిని దింపి, వాళ్ళు లోపలికి వెళ్ళేదాకా కనిపెట్టుకుని ఉన్నాడో నాకు తెలుసు. ఆయన వెళ్ళేటప్పుడు కూడా ఒకరు కనిపెట్టుకుని ఉన్నారు. మాకు బతుకు నిలబెట్టిన మనిషికి నేను చెయ్యలేకపోయింది ఆ పిల్ల చేసింది. ఆమెకి చేతులెత్తి దణ్ణం పెట్టాను.

ఎవరికో ఇవ్వాల్సిన జాకెట్టు మిగిలిపోయిందని ఆ పిల్ల లేచి మిషను ముందు కూర్చుంది. ఆ రోజు ఉరికేటప్పుడు కాలి నుంచి ఊడిన కొస మిషను తొక్కుడుబల్లకి చిక్కుకుందట, ఇంకా తియ్యలేదు. అన్న చేతి నుంచి విప్పిన అవతలి కొస ఖాళీ మంచం మీద ఉంది. ఆమె తొక్కడం మొదలుపెట్టింది. నేను గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగి చూశాను. ఎర్రగళ్ళ తువ్వాల మంచం మీద కొద్దిగా కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది.